రిమార్కుల గడిని తీసేయకండి

ప్రజారోగ్య సంస్థల్లో వ్యాధుల లెక్కలు సేకరించి, సరిచూసి, వాటి ఆధారంగా నిర్ణయాలు తీసుకునే అధికారులకు,

నమస్కారం.

మీరు నన్ను చూసి ఉండరు, కానీ నా చేతిరాత చూసే ఉంటారు. ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో వారం వారం వ్యాధుల నివేదిక తయారుచేసి పైకి పంపే పని నాది. ఇరవై రెండేళ్లుగా అదే పని. జ్వరాలెన్ని, విరేచనాలెన్ని, కామెర్లెన్ని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, ఐదేళ్లలోపు పిల్లలెందరు, మరణాలెన్ని. గడులు నింపాలి, అడ్డంగా కూడాలి, నిలువుగా కూడాలి, రెండు మొత్తాలూ కలవకపోతే మళ్లీ మొదటికి రావాలి. ఫారం చివర, కుడిపక్కన, బొటనవేలంత వెడల్పున ఒక గడి ఉండేది. దాని పేరు ‘రిమార్కులు’. మీరు ఈమధ్య పంపిన ఆన్‌లైన్ ఫారంలో ఆ గడి లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

చిన్న గడి కోసం ఇంత పెద్ద ఉత్తరమా అనుకోవచ్చు. ముందు ఒక సంగతి చెప్పనివ్వండి.

కొన్నేళ్ల కిందట ఒక వారం మా కేంద్రానికి ఏడుగురు కామెర్లతో వచ్చారు. వారానికి ఒకరో ఇద్దరో రావడం మామూలే, ఏడుగురంటే ఎక్కువ. చిరునామాలు రాసుకుంటుంటే అనుమానం తగిలింది. ఆరుగురివి ఒకే వరుసలోని ఇళ్లు. ఏడో మనిషి ఉండేది వేరే చోటే, కానీ రోజూ ఆ వరుసలో ఒక ఇంటికి పనికి వెళ్తాడు. కామెర్ల గడిలో ‘7’ అని వేసి, రిమార్కుల గడిలో అక్షరాలు ఇరికించి ఇలా రాశాను: ‘ఆరుగురు ఒకే వరుస ఇళ్లవారు. ఏడో వ్యక్తి పగలంతా అక్కడే ఉంటాడు. మంచినీటి గొట్టం మురుగు కాలువలోంచి పోతోందట. చూడగలరు.’ ఫారం వెళ్లిపోయింది.

పదకొండు వారాల తర్వాత పై కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఆశగా తీశాను. ‘పైన ఏడు వేశారు, వయసుల వారీగా కూడితే ఆరే వస్తోంది, ఏది సరైనది?’ అని అడిగారు. తప్పు నాదే. ఒకరి వయసు గడి నింపడం మరిచిపోయాను. ఏడే సరైనదని చెప్పి, రిమార్కు చూశారా అని అడిగాను. ‘దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించమండీ’ అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా. అప్పటికి ఆ వరుసలోంచి వచ్చిన కామెర్ల కేసులు నా రిజిస్టరులో ముప్పై ఒకటి. గొట్టం ఎక్కడ పగిలిందో ఆ ఇళ్లవాళ్లే తవ్వి కనుక్కుని బాగుచేయించుకున్నారు.

ఫోను చేసిన ఆవిడను నేను తప్పుపట్టను. ఆవిడ ముందున్న తెరలో ఏడు అనే అంకెకు చోటుంది, ఆ ఏడుగురూ ఎక్కడివాళ్లన్న మాటకు లేదు. ఆ తెరను తయారుచేయించింది మీరు. అందుకే మీకు రాస్తున్నాను.

1854లో లండన్‌లో వచ్చిన కలరా కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. శిక్షణ తరగతుల్లో మాకూ చెప్పారు. జాన్ స్నో అనే వైద్యుడు మ్యాపు గీశాడు, బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు పిడి ఊడదీయించాడు, కలరా ఆగింది. చెప్పడానికి బాగానే ఉంటుంది. పిడి తీసింది సెప్టెంబరు 8న; అప్పటికే చాలామంది ఆ వీధులు వదిలి పారిపోయారు, రోగమూ తగ్గుముఖం పట్టింది. స్నో స్వయంగా ఒప్పుకున్న విషయమే ఇది. రికార్డులు రాసే మనిషిగా నాకు ఆ పిడి కంటే, ఆయన లెక్క కట్టిన తీరు మీదే ఎక్కువ ఆసక్తి.

ఆయన ముందుగా వెళ్లింది మరణాలు నమోదు చేసే కార్యాలయానికి. ఇంగ్లండులో అప్పటికి పదిహేనేళ్లుగా విలియం ఫార్ అనే గణాంక నిపుణుడు మరణాలకు కారణాలను వర్గీకరించి వారం వారం ప్రకటిస్తున్నాడు. అక్కడ దొరికిన జాబితాలోంచి మూడు రోజుల్లో జరిగిన 83 కలరా మరణాలను స్నో తీసుకున్నాడు. దాదాపు అన్నీ ఆ పంపుకు దగ్గరివే. ఒక్క పది మాత్రం వేరే పంపులకు దగ్గరగా ఉన్న ఇళ్లలోవి. కాగితం మీద చూస్తే ఆ పదీ ఆయన వాదానికి అడ్డుపుల్లలు. ఆఫీసులో కూర్చునేవాడైతే ‘మినహాయింపులు’ అని పక్కన పెట్టేవాడు. స్నో ఆ ఇళ్లకు వెళ్లి తలుపు తట్టాడు. ఐదు కుటుంబాలవాళ్లు, దగ్గరి పంపు నీళ్లకన్నా బ్రాడ్ స్ట్రీట్ నీళ్లే ఇష్టమని అక్కడినుంచే తెప్పించుకునేవాళ్లమన్నారు. మరో ముగ్గురు పిల్లలు. వాళ్ల బడి ఆ పంపు దగ్గరే.

చనిపోనివాళ్లనూ వదలలేదు ఆయన. పంపుకు కూతవేటు దూరంలో పేదలను ఉంచే పనిశాల ఉంది. అందులోని 535 మందిలో కలరాతో పోయింది ఐదుగురే. వెళ్లి చూస్తే వాళ్లకు సొంత బావి ఉంది. ఆ వీధిలోనే బీరు తయారుచేసే కర్మాగారం ఉంది. డెబ్బై మందికి పైగా పనివాళ్లలో ఒక్కరూ పోలేదు. వాళ్లు బీరే తాగేవారు, ఆ పంపు జోలికి పోయేవారు కాదు. అక్కడికి మైళ్ల దూరాన హ్యాంప్‌స్టెడ్‌లో, కలరా ఊసే లేని చోట, ఒక వృద్ధురాలు కలరాతో మరణించింది. ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో కాపురమున్న మనిషి. ఆ నీళ్ల రుచి మరవలేక రోజూ బండిలో ఒక సీసా తెప్పించుకునేదని ఆమె కొడుకు చెప్పాడు. ఈ వివరాల్లో ఒక్కటైనా మీ కొత్త ఫారంలో ఏ గడిలో పడుతుందో చూడండి.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగాన్ని శిక్షణ తరగతుల్లో చెప్పరు. ఆ పేటలోని చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ అనే యువకుడికి స్నో చెప్పింది నమ్మబుద్ధి కాలేదు. తప్పని నిరూపిద్దామనే బయలుదేరాడు. ప్రతి ఇల్లూ ఆయన ఎరిగినదే; ఒకే ఇంటికి నాలుగైదుసార్లు వెళ్లాడు. తిరిగిన కొద్దీ స్నో వాదమే బలపడింది. అయినా ఒక ప్రశ్న మిగిలింది: పంపు నీళ్లలోకి కలరా ఎక్కడినుంచి వచ్చింది? మరుసటి ఏడాది మరణాల రిజిస్టరు తిరగేస్తుంటే ఒక పద్దు ఆయన కంటపడింది. నలభయ్యో నంబరు, బ్రాడ్ స్ట్రీట్. సెప్టెంబరు 2. ఐదు నెలల ఆడశిశువు. కారణం: నీరసం, మరణానికి నాలుగు రోజుల ముందు విరేచనాలు పట్టుకున్న తర్వాత.

కలరా అన్న మాటే అందులో లేదు. నాలుగు రోజులు వెనక్కి లెక్కపెడితే, పేటంతా కలరా అంటుకోవడానికి ముందే ఆ బిడ్డకు జబ్బు చేసింది. వైట్‌హెడ్ ఆ తల్లి దగ్గరికి వెళ్లాడు. బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి ముందున్న మురుగు గుంటలో పోశానని ఆమె చెప్పింది. తవ్వి చూస్తే గుంట ఇటుకలు కుళ్లి ఊడిపోయి ఉన్నాయి. గుంటకూ పంపు బావికీ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు.

ఆ పద్దు రాసిన రిజిస్ట్రారు ‘నీరసం’ అని ఒక్క మాట వేసి పుస్తకం మూసేయవచ్చు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. ‘నాలుగు రోజుల ముందు విరేచనాలు’ అని ఇంకో ముక్క రాశాడు. స్నో పేరు ప్రపంచానికి తెలుసు, వైట్‌హెడ్ పేరు కొందరికి తెలుసు. ఆ అదనపు ముక్క రాసిన చెయ్యి మాత్రం నా జాతిది.

గడులూ, ఒక్కో జబ్బుకు ఇచ్చే గుర్తు సంఖ్యలైన కోడ్‌లూ వద్దని నేననడం లేదు. అవి లేకపోతే ఒక చోటి లెక్కను ఇంకో చోటి లెక్కతో పోల్చలేం. నాలాంటివాళ్లు వేలమంది వేలరకాలుగా రాస్తే మీకు మతిపోతుంది, ఆ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ కొత్త జబ్బుకు మొదటి రోజున కోడ్ ఉండదు. కోవిడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర కోడ్ ఇచ్చింది 2020 ఆరంభంలో. అంతకుముందే వార్డుల్లో ఆ రోగులు ఉన్నారు. కోడ్ వచ్చేదాకా ఏ జబ్బయినా బతికేది రిమార్కుల గడిలోనే.

ఎయిడ్స్ సంగతే చూడండి. అమెరికాలోని వ్యాధుల నియంత్రణ కేంద్రం, సీడీసీ, దగ్గర అప్పట్లో పెంటమిడిన్ అనే మందు నిల్వ ఉండేది. అరుదైన ఒక రకం న్యుమోనియాకు వాడే ఆ మందు అప్పుడు ఆ దేశంలో బయట దొరికేది కాదు. డాక్టర్లు ఆ కేంద్రాన్ని అడిగి తెప్పించుకోవాల్సి వచ్చేది. ఆ అభ్యర్థనలు చూసే ఉద్యోగిని పేరు శాండ్రా ఫోర్డ్. ఆమె పెద్ద పరిశోధకురాలేమీ కాదు, మందు పంపే పని ఆమెది. మందు అడిగేవాళ్లు రోగికి ఒంట్లో రక్షణ శక్తి ఎందుకు తగ్గిందో చెప్పేవారు: క్యాన్సరనో, అవయవ మార్పిడి జరిగిందనో. 1981 తొలి నెలల్లో ఆమెకు వేరే రకం అభ్యర్థనలు కనిపించసాగాయి. రోగులు యువకులు. కారణం తెలియదు. ఒకే రోగికి రెండోసారి మందు కావాలని కూడా అడుగుతున్నారు. ఆమె పై అధికారికి ఒక కాగితం రాసింది. ఆ ఏడాది జూన్ 5న లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల గురించి ఆ సంస్థ వారపత్రికలో చిన్న నివేదిక వచ్చింది. ఎయిడ్స్ గురించి వైద్య ప్రపంచంలో అచ్చయిన మొదటి మాట అదే.

ఇక్కడ గమనించాల్సింది ఆమె పదునైన చూపు ఒక్కటే కాదు. ఆ కాగితం రాస్తే చదివే మనిషి పైన ఒకరున్నారు. నా ఫిర్యాదంతా ఆ రెండో సగం గురించే.

సున్నా సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర కేసు లేని వారం కూడా నివేదిక పంపాలి, ‘సున్నా’ అని. కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు, ఏమీ లేదని చెప్పడానికి ఫారమెందుకని. పోలియో నిఘాలో పనిచేసినవాళ్లు నవ్వరు. ఖాళీ గడికి రెండు అర్థాలు: జబ్బు లేదు, లేదా చూసినవాడు లేడు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పోలియో నిఘా రూపొందించినవాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పిల్లల్లో ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ చచ్చుబడటానికి పోలియో కాకుండా వేరే కారణాలూ ఉన్నాయి. పోలియో ఉన్నా లేకపోయినా, పదిహేనేళ్లలోపు పిల్లలు లక్షమంది ఉన్న చోట ఏడాదికి కనీసం ఒకటైనా అలాంటి కేసు బయటపడాలి. బయటపడలేదంటే పిల్లలు క్షేమమని కాదు, వెతికేవాళ్లు నిద్రపోతున్నారని. కాళ్లూ చేతులూ చచ్చుబడటం మొదలైన పద్నాలుగు రోజుల్లోపల, కనీసం ఇరవై నాలుగు గంటల ఎడంతో రెండు మలం నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపాలి. తన కళ్లు తెరిచి ఉన్నాయో లేదో తానే కొలుచుకునే నిఘా అది. తక్కిన జబ్బుల నిఘాలో ఇంత నిజాయతీ అరుదు.

పోలియోలో ఇంకో చిక్కుంది. వైరస్ సోకిన సుమారు రెండు వందల మందిలో ఒకరికే పక్షవాతం వస్తుంది. మిగతావాళ్లు ఏ ఆరోగ్య కేంద్రానికీ రారు, నా రిజిస్టరులోకీ రారు. అందుకే మురుగునీటిని పరీక్షించడం మొదలైంది. 2013లో ఇజ్రాయెల్‌లో ఒక్క బిడ్డకూ పక్షవాతం రాకముందే మురుగునీటిలో పోలియో వైరస్ దొరికింది, పిల్లలకు చుక్కల మందు వేశారు. రిజిస్టరుకు అందని సమాచారాన్ని మురుగు కాలువ చెప్పింది. నా ఉద్యోగానికి పోటీ వచ్చిందని అసూయపడాలేమో గానీ, సంతోషమే కలిగింది.

అయితే యంత్రాలూ పెద్ద లెక్కలూ వచ్చాయి కాబట్టి కింద రాసేవాళ్ల అవసరం తీరిపోయిందనుకునేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. 2008లో గూగుల్ సంస్థ ఫ్లూ గురించి జనం ఏం వెతుకుతున్నారో చూసి, ఎంతమందికి ఫ్లూ ఉందో అంచనా కట్టే ఏర్పాటు తెచ్చింది. డాక్టర్ల నివేదికల కన్నా ముందే చెప్పేస్తుందని ఎంతో సంబరపడ్డారు. మరుసటి ఏడాది వసంతంలో వచ్చిన కొత్త ఫ్లూను అది సరిగా పట్టలేకపోయింది. 2012–13 శీతకాలంలో అసలు లెక్కకు దాదాపు రెట్టింపు చెప్పింది. 2015లో ఆపేశారు. ఫ్లూ గురించి వెతికినవాళ్లందరికీ ఫ్లూ ఉండదు. వార్తల్లో భయం పెరిగినా వెతుకులాట పెరుగుతుంది. దగ్గుతూ ఎదురుగా కూర్చున్న మనిషిని చూసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

2020 శరదృతువులో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయి. పాతరకం స్ప్రెడ్‌షీట్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. ఆ గీత దాటినవన్నీ చప్పుడు లేకుండా కిందపడిపోయాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఫలితం చేరింది. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను వెతకాల్సినవాళ్లకే కబురు ఆలస్యమైంది. నన్ను ఫోనులో ఒక వయసు గడి గురించి నిలదీసినప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే కొంచెం ధైర్యంగా మాట్లాడేవాణ్ణి.

అడగాల్సిన వాళ్లను అడగకపోతే ఏమవుతుందో 2011లో జర్మనీ చూసింది. మే నెలలో నెత్తుటి విరేచనాలతో, మూత్రపిండాలు దెబ్బతిని జనం ఆస్పత్రుల్లో చేరసాగారు. ఈ.కోలై బ్యాక్టీరియాలో ప్రమాదకరమైన ఒక రకం. రోగులను అడిగితే పచ్చి కూరగాయలు తిన్నామన్నారు. దోసకాయల్లో బ్యాక్టీరియా కనిపించిందని స్పెయిన్ దోసకాయల మీద ముద్రవేశారు. అక్కడి రైతులు పంటను పారబోసుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే, ఆ దోసకాయల్లో ఉన్నది ఈ జబ్బు తెచ్చిన రకమే కాదు. ఇక్కడ జర్మనీ ప్రజారోగ్య సంస్థ అయిన రాబర్ట్ కోఖ్ సంస్థ పరిశోధకులు చేసిన పని చూడండి. ఒకే హోటల్‌లో తిన్న బృందాల జాబితా తీశారు. ‘ఏం తిన్నారు’ అని కాకుండా ‘ఏ వంటకం తెప్పించుకున్నారు’ అని అడిగారు. ఆ తర్వాత వంటగదిలోకి వెళ్లి వంటవాణ్ణి అడిగారు, ఏ వంటకంలో ఏమేమి వేస్తావని. తినేవాడికి గుర్తులేనిది వండేవాడికి తెలుసు: పళ్లెం మీద అలంకరణగా చల్లిన మొలకలు. ఆ బృందాల్లో జబ్బు పడ్డ ప్రతి ఒక్కరి పళ్లెంలోనూ అవి ఉన్నాయి. జూన్ 10న అధికారులు మొలకలు తినవద్దని ప్రకటించారు. జాడ తీస్తే ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల దగ్గర తేలింది. మొత్తం మీద సుమారు 3,800 మంది జబ్బు పడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు.

మీ వ్యవస్థలో ఆ వంటవాడి స్థానం నాది, నాలాంటి వేలమందిది. పళ్లెంలో ఏం వేశామో మాకు తెలుసు. అడిగేవాళ్లు కావాలి.

రిమార్కుల గడి వద్దనడానికి మీవైపు ఒక గట్టి కారణం ఉందని నాకు తెలుసు. అందులో ఎవరేం రాస్తారో తెలియదు. పేర్లు రాస్తారు, ఇంటి గుర్తులు రాస్తారు, మనుషుల పరువు పోయే సంగతులు రాస్తారు. అది నిజమైన భయమే. సీడీసీ పరిశోధకులు ఎయిడ్స్ తొలి రోజుల్లో, పది నగరాల్లోని నలభై మంది రోగుల మధ్య సంబంధాలు చూపిస్తూ ఒక చిత్రం గీశారు. కాలిఫోర్నియా బయటివాడని (ఇంగ్లీషులో ‘అవుట్‌సైడ్’) ఒక రోగికి ‘ఓ’ అనే ఇంగ్లీషు అక్షరం గుర్తుగా పెట్టారు. ఆ అక్షరాన్ని సున్నా అని చదివారు. సున్నా అంటే మొదటివాడు, అమెరికాకు ఈ జబ్బు తెచ్చినవాడు అన్నారు. మనిషి పేరు బయటికి లాగారు. వైరస్ 1970 ప్రాంతంలోనే న్యూయార్క్‌కు చేరిందనీ, ఆ మనిషికి ఆ నేరంతో సంబంధం లేదనీ 2016లో జన్యు పరిశోధన తేల్చింది. అప్పటికి ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటింది. ఆయన పేరు నేనిక్కడ రాయను.

కాబట్టి పేర్లు వద్దనండి, నేర్పండి, పేరు కనబడితే చెరిపేసే మనిషిని పెట్టండి. మాకే ముందుగా ఆ జాగ్రత్త కావాలి, ఎందుకంటే రేపు ఆ రోగి వచ్చి కూర్చునేది మా ఎదుట. చెప్పింది బయటికి పొక్కుతుందని ఒక్కసారి తెలిస్తే మళ్లీ నిజం చెప్పరు. వేరే చిరునామా ఇస్తారు, వేరే వయసు చెబుతారు, లేదా అసలు రారు. అప్పుడు మీ పటంలో ఆ వీధి ఎంతో ఆరోగ్యంగా కనిపిస్తుంది. కానీ పరువు పోతుందన్న భయంతో మాటనే తీసేస్తే, మీ చేతిలో మిగిలేది ‘7’ ఒక్కటే.

మాటలు నమ్మలేం, మనుషులు అబద్ధాలు రాస్తారు అన్నది ఇంకో అభ్యంతరం. అంకెలు మాత్రం ఎక్కడినుంచి వచ్చాయి? పదిహేడో శతాబ్దపు లండన్‌లో శవాన్ని చూసి మరణ కారణం చెప్పే పని కొందరు ముసలమ్మలది. ఆ వారపు పట్టికలను 1662లో మొదటిసారి శ్రద్ధగా విశ్లేషించిన జాన్ గ్రాంట్ బట్టల వ్యాపారి. లంచం తీసుకుని సుఖరోగపు చావులను క్షయ చావులుగా రాయిస్తున్నారని ఆయన పట్టుకున్నాడు. అయినా పట్టికలను చెత్తబుట్టలో వేయలేదు. ఎవరు చూశారు, ఎలా చూశారు, ఎందుకలా చెప్పి ఉంటారు అని తూకం వేసుకుంటూ వాడుకున్నాడు. ఈనాటికీ ప్రపంచంలో పది మరణాల్లో సుమారు నాలుగు ఎక్కడా నమోదు కావడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. లోటు మాటల్లోనే ఉందని అనుకోవడానికి వీల్లేదు.

ఇంత చెప్పి నేను అడిగేది గడి ఒక్కటే అయితే సగం పనే. రాసినదానికి జవాబు కావాలి.

వ్యాధి నిఘా అంటే ఏమిటో 1963లో నిర్వచించినవాడు అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్, సీడీసీలో ఆ పనికి పునాది వేసిన మనిషి. సమాచారం సేకరించడం, క్రోడీకరించడం, విశ్లేషించడం అంటూ మొదలుపెట్టి, ఆ సమాచారాన్ని అందించినవారందరికీ, తెలియాల్సినవారందరికీ క్రమం తప్పకుండా తిరిగి చేర్చడం వరకు ఆయన నిర్వచనంలో ఉంది. అందించినవారికి అన్న మాట ముందుంది. మీ కార్యాలయాల గోడల మీద ఈ నిర్వచనం అందమైన అక్షరాల్లో ఉంటుంది. ఇరవై రెండేళ్లలో నేను పైకి పంపిన నివేదికలు వెయ్యి దాటాయి. వాటినుంచి ఏం తేలిందో చెబుతూ నాకు కిందికి వచ్చిన కాగితాలు చేతివేళ్లకు సరిపోతాయి. కూడికలు తప్పాయంటూ వచ్చినవి మాత్రం ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

రెండువైపులా మాట నడిస్తే ఎంత తేడా వస్తుందో మశూచి పోరాటంలో తేలింది. 1966 డిసెంబరులో తూర్పు నైజీరియాలో విలియం ఫోగీ అనే డాక్టరు దగ్గర టీకాలు చాలినన్ని లేవు. అందరికీ వేయడం కుదరదు. ఆ సాయంత్రం ఆయన రేడియోలో ఆ ప్రాంతంలోని మిషనరీలను పిలిచాడు. పటం పంచుకున్నారు, ఒక్కొక్కరు తమ చుట్టుపక్కల ఊళ్లకు మనుషులను పరుగెత్తించి, మశూచి ఎక్కడుందో మర్నాడు సాయంత్రానికి అదే రేడియోలో చెప్పాలి. చెప్పారు. ఉన్న కాసిని టీకాలు ఆ ఊళ్లకూ వాటి చుట్టూ వెళ్లాయి. కొన్ని వారాల్లో అక్కడ మశూచి ఆగింది. వెతకడం, చుట్టుముట్టడం అనే ఆ పద్ధతే తర్వాత ఖండాలు దాటింది. 1980 మేలో మశూచి ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అరవై ఏళ్ల కిందటి రేడియోకు ఒక్క రోజు పట్టింది. ఇంటర్నెట్ ఉన్న మా ఫారానికి పదకొండు వారాలు పట్టింది, అదీ కూడిక తప్పని చెప్పడానికి.

ఏం చేయాలో మీకు చెప్పేంతటివాణ్ణి కాను, కానీ అడిగే హక్కుంది. ఆ గడి తిరిగి పెట్టండి. రెండు వందల అక్షరాలు చాలు. అది చదవడానికి ప్రతి పై కార్యాలయంలోనూ ఒక మనిషిని నియమించండి, ఫోను చేసే అధికారం ఉన్న మనిషిని. ఫారంలో ఎవరూ వాడని గడులు ముప్పైకి తక్కువ లేవు. వాటిని తీసేస్తే మాకూ మీకూ సమయం కలిసొస్తుంది. ప్రతి వారం మా చుట్టుపక్కల కేంద్రాల్లో ఏం కనిపించిందో ఒక పేజీ పంపండి. పూర్తిగా తేలాకే పంపుతామనకండి. ‘ఇది ఇంకా అనుమానమే’ అని రాసి పంపండి, మేం అర్థం చేసుకోగలం. అనుమానంతో బతకడం మాకు రోజూ ఉన్న పనే.

అప్పటిదాకా రిమార్కులు నా సొంత నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పేర్లు ఉండవు, తేదీ, వీధి, సంగతి అంతే. మూడో బుక్కు సగం నిండింది. ఎవరైనా అడిగితే చూపిస్తాను. ఈ వారం మీ ఫారంలో నేను ఎక్కించిన అంకె: విరేచనాలు, 4. నా బుక్కులో ఉన్నది: ‘నలుగురూ పిల్లలే. ముగ్గురు ఒకే బడి. నాలుగో బిడ్డ ఇంకా బడికి వెళ్లే వయసు కాదు, కానీ వాళ్లమ్మ ఆ బడిలో వంట చేస్తుంది.’

ఇట్లు,
వారం వారం మీకు నివేదిక పంపే ఒక రికార్డు ఉద్యోగి